పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్: ఇంత బక్క ఫ్లైకి ట్రౌట్ ఎందుకు పడుతుంది?

లీహై_గట్టు

అందరికీ నమస్తే. ఉండేది పెన్సిల్వేనియాలో, అలెన్‌టౌన్ దగ్గర. ఫ్లై ఫిషింగ్‌లోకి (హుక్‌కి ఈకలూ దారం చుట్టి పురుగులా చేసిన ఫ్లైతో ట్రౌట్ చేపలు పట్టడం) వచ్చి ఎక్కువ కాలం కాలేదు, బాక్సులో ఉన్న ఫ్లైలు కూడా అందరి దగ్గరా ఉండేవే: ఎల్క్ హెయిర్ కాడిస్, పారాషూట్ ఆడమ్స్, పూస తలకాయ ఉన్న ఫెజంట్ టెయిల్, కొన్ని వూలీ బగ్గర్లు.

మొన్న ఇక్కడి ఫ్లై షాపులో ట్రేలు తిరగేస్తుంటే ఒక మూల పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్ అని ఒకటి కనబడింది. హుక్ మీద నారింజ రంగు దారం, మెడ దగ్గర పార్ట్రిడ్జ్ అనే పక్షి మచ్చల ఈక పోగులు కాసిని, అంతే. రెక్క లేదు, తోక లేదు, పూస లేదు, సగంలో ఆపేసిన ఫ్లై అనుకున్నాను. కౌంటర్ దగ్గర పెద్దాయన మాత్రం "ఏప్రిల్, మే సాయంత్రాలకి ఇది ఉంటే మిగతావి ఇంట్లో పెట్టి రావచ్చు" అన్నాడు. సరే కదా అని యూట్యూబ్‌లో వెతికితే కొత్తవాళ్లకి చెప్పే పది ఫ్లైల్లో ఎక్కడా దీని పేరు లేదు, అంతా టంగ్‌స్టన్ పూసలు, యూరో నింఫింగ్ (బరువు ఫ్లైని అడుగుకి దింపి వేసే పద్ధతి) గోలే.

ఇది అసలు ఏ పురుగులా ఉన్నట్టు? నీళ్లలో ఎలా ఆడించాలి? ఇంత మంచిదైతే ఎవరూ ఎందుకు మాట్లాడరు, లేక పాతకాలం వాళ్లకి పాత వస్తువు మీద ఉండే మమకారమేనా? కాస్త వివరంగా చెప్పండి. (మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "పట్టి వదిలేసేదానికి అంత దూరం పోవడం ఎందుకురా" అంటుంది. ఆ ప్రశ్నకి జవాబు ఇక్కడ అడగడం లేదులెండి.)

రాళ్ళమధ్య

బ్రదర్, షాపు పెద్దాయన నిజమే చెప్పాడు. నేను స్టేట్ కాలేజ్ వైపు ఉంటాను, స్ప్రింగ్ క్రీక్, పెన్స్ క్రీక్ నాకు దగ్గర. నా బాక్సులో ఇది ఒక వరస మొత్తం ఉంటుంది, సైజు 12 నుంచి 16 దాకా (అంకె పెరిగేకొద్దీ హుక్ చిన్నది).

ఏ పురుగులా ఉందో ట్రేలో పొడిగా చూస్తే తెలియదు. ఇంట్లో గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో వేసి చూడు. తడిసిన పట్టుచీరలాగా ఆ నారింజ రంగు ముదిరి గోధుమ ఎరుపులోకి దిగుతుంది. ఈక పోగులు వెనక్కి వాలి ఒంటికి అతుక్కుంటాయి, గ్లాసు కాస్త కదిలిస్తే మళ్లీ విచ్చుకుంటాయి. కోడిపుంజు మెడ ఈకతో కట్టిన డ్రై ఫ్లైకి ఈ పని చేతకాదు, ఎందుకంటే ఆ ఈక బిరుసు, దాని ఉద్యోగం నీటిమీద నిలబడటం. పార్ట్రిడ్జ్ ఈక మెత్తన, దాని ఉద్యోగం కదలడం. మొత్తం కిటుకు ఇక్కడే ఉంది.

ఇప్పుడు కాడిస్ అనే ఏటి పురుగు సంగతి చూడు. పురుగు అడుగున రాళ్లకి అంటించుకున్న గూట్లో ప్యూపాగా ఉంటుంది, టైం వచ్చాక గూడు కోసుకుని బయటపడి, కొంతదూరం నీటివాలుకి కొట్టుకుపోయి, తర్వాత కాళ్లాడిస్తూ పైకి ఈదుతుంది. నీటి పైపొర చీల్చుకుని రెక్కలు విప్పేదాకా పారిపోలేదు. మేఫ్లై అనే ఇంకో ఏటి పురుగుది కూడా ఇంచుమించు ఇదే కష్టం, పైపొర కింద పొట్టు విడవలేక చిక్కుకుపోయేవి బోలెడు. ట్రౌట్‌కి ఇంతకంటే తేరగా దొరికే తిండి లేదు. మనం ఏం చేస్తాం, నీళ్ల మీద వలయాలు కనబడగానే డ్రై ఫ్లై కడతాం, గంటసేపు వేస్తాం, ఒక్కటీ ముట్టుకోదు. జాగ్రత్తగా చూస్తే ఆ చేప మూతి పైకి రావడం లేదని తెలుస్తుంది, వీపూ తోకా మాత్రమే కనబడతాయి. అంటే అది తేలే పురుగుని కాదు, జానెడు లోతులో పైకొస్తున్నదాన్ని తింటోంది. సరిగ్గా అక్కడ ఈ బక్క ఫ్లై కావాలి. అందుకే ఇది ఒక పురుగుకి నకలు కాదు. పైకొచ్చే కాడిస్ అనుకున్నా ఒప్పుతుంది, మునిగిపోయిన మేఫ్లై అనుకున్నా ఒప్పుతుంది, చిన్న స్టోన్‌ఫ్లై అనుకున్నా ఒప్పుతుంది. గుడ్లు పెట్టడానికి నీళ్లలోకి దిగే కాడిస్ ఆడపురుగులు కూడా ఉంటాయి, వాటికీ సరిపోతుంది.

ఆడించడం సులువు. రాళ్లమీద నీళ్లు గలగలా పారే చోటు, మోకాలు లోతు ఉంటే చాలు, అలాంటిది వెతుక్కో. గట్టుకి అడ్డంగా, కాస్త కిందివైపుకి వెయ్యి. పడగానే లైన్‌ని పైవైపుకి ఒకసారి మెండ్ చెయ్యి (అంటే ఎత్తి పైవైపుకి వెయ్యి), లేకపోతే మధ్యలో వడి లైన్‌ని ముందు లాగేసి ఫ్లై పరిగెత్తుతుంది, అలా పరిగెత్తే పురుగు ఉండదు. తర్వాత రాడ్ కొసతో లైన్ వెంట నెమ్మదిగా రా, ఇంకేమీ చేయకు. ఫ్లై అర్ధచంద్రంలా తిరిగి నీకు సూటిగా కిందివైపుకి వచ్చి ఆగుతుంది. అక్కడ వెంటనే తీసేయకు, కాసేపు అలాగే వేలాడనివ్వు, నాకు చాలా చేపలు ఆ ఆగిన క్షణంలోనే పడ్డాయి. పడినా పడకపోయినా తర్వాత రెండడుగులు కిందికి జరుగు, మళ్లీ వెయ్యి. ఏరు మొత్తం అలా దువ్వుకుంటూ పోవచ్చు, కొత్త ఏటిని తెలుసుకోవడానికి కూడా ఇదే మంచి దారి.

టిప్పెట్ (ఫ్లై కట్టే సన్నటి కొస దారం) 5ఎక్స్ వాడుతున్నావేమో, దీనికి ఇంకాస్త లావు 4ఎక్స్ కట్టు. బిగుతు లైన్ మీద చేప కొట్టే దెబ్బకి సన్నది పుటుక్కుమంటుంది. అలా కొట్టినప్పుడు నువ్వు రాడ్ లాగనక్కర్లేదు, అది తనంతట తనే తగులుకుంటుంది, లాగావో నోట్లోంచి ఊడొస్తుంది.

ఇంకోటి, నువ్వు అలెన్‌టౌన్‌లో ఉండి ఈ ప్రశ్న అడగడం నాకు భలే ఉంది. ఈ వెట్ ఫ్లైల (మునిగే ఫ్లైల) పద్ధతిని అమెరికాలో నిలబెట్టిన జేమ్స్ లైజెన్‌రింగ్ మీ ఊరాయనే. బ్రోడ్‌హెడ్ క్రీక్‌లో వేసేవాడు, 1941లో దీనిమీద పుస్తకం రాశాడు. చేప ఎక్కడుందో తెలిసినప్పుడు దానికి పైన వేసి, ఫ్లైని అడుగుకి దిగనిచ్చి, చేప ముందుకి రాగానే రాడ్ ఆపి మెల్లగా లేపడం, దాన్ని ఇప్పటికీ లైజెన్‌రింగ్ లిఫ్ట్ అనే అంటారు. అప్పటిదాకా కొట్టుకొస్తున్నది ఒక్కసారి పైకి లేస్తుంది, అంటే పైన చెప్పిన కాడిస్ చేసే పనే.

యార్క్‌షైర్_వాన

లీడ్స్ నుంచి. దీని పుట్టింట్లో ఉంటున్నాను కాబట్టి మాట్లాడకుండా ఉండలేకపోతున్నాను 😀

ఇక్కడ వార్ఫ్, నిడ్, యూర్ అని ఏర్లు ఉన్నాయి, కొండల్లోంచి రాళ్లమీద వడిగా వస్తాయి, వాన పడితే టీ రంగుకి తిరుగుతాయి. ఇంగ్లండ్ దక్షిణాన ఉండే సుద్దనేల వాగుల్లాగా నింపాదిగా, అద్దంలా ఉండవు. చేపకి ఫ్లైని తేరిపార చూసే తీరిక ఉండదు, క్షణంలో తినాలి లేదా వదలాలి. అందుకే ఇక్కడివాళ్లు పురుగుని అచ్చుగుద్దే పని పెట్టుకోలేదు, సన్నగా కట్టారు, కదిలేది కట్టారు. వీటన్నిటినీ కలిపి నార్త్ కంట్రీ స్పైడర్స్ అంటారు. టి.ఇ. ప్రిట్ 1885లో యార్క్‌షైర్ ట్రౌట్ ఫ్లైలని బొమ్మలతో అచ్చువేశాడు, ఈ ఆరెంజ్ పార్ట్రిడ్జ్ అందులో ఉంది. ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే జనం దగ్గర ఉన్నదాన్ని రాసిపెట్టాడు. పార్ట్రిడ్జ్ ఈక సంగతైతే ఇంకా పాతది, 1496లో ఇంగ్లిష్‌లో అచ్చయిన గాలం పుస్తకంలోనే పార్ట్రిడ్జ్ ఈక రెక్కలు పెట్టిన ఫ్లై ఉంది.

ఎవరూ ఎందుకు మాట్లాడరు అన్నావు కదా. దాని వెనక పెద్ద గొడవే ఉంది. హాల్ఫోర్డ్ 1886లో తేలే ఫ్లైల మీద పుస్తకం రాశాక, పెద్దమనుషులు డ్రై ఫ్లైనే వాడాలి, అదీ లేస్తున్న చేపకే వేయాలి అనేది దాదాపు మతం అయిపోయింది. మునిగే ఫ్లై అంటే ఉత్తరాది కొండల్లో మోటువాళ్లది అని చిన్నచూపు. స్క్యూస్ అనే లాయరు 1910లో ఎదురుతిరిగి, అదే సుద్దనేల వాగుల్లో మునిగే ఫ్లైతో కూడా ఒద్దికగా పట్టొచ్చని రాస్తే ఆ వాదన ఏళ్ల తరబడి సాగింది. ఆ తర్వాత బరువు నింఫులు (అడుగున ఉండే పిల్లపురుగుల్లా కట్టిన ఫ్లైలు) వచ్చాయి, పూసలు వచ్చాయి. ఇది మధ్యలో ఇరుక్కుంది, పైన తేలదు, అడుక్కి దిగదు. అమెరికాలో సిల్వెస్టర్ నీమ్స్ 1975లో సాఫ్ట్ హ్యాకిల్ (ఇలా మెత్తని ఈక చుట్టిన) ఫ్లై మీద పుస్తకం రాశాకే మీవైపు మళ్లీ పేరు వినబడింది.

నా లెక్కలో అసలు కారణం ఇంకా చిన్నది. షాపులో ఇది అందంగా ఉండదు. ఫ్లై ముందు కొనేవాడి కంట్లో పడాలి, చేప కంట్లో పడటం తర్వాతి సంగతి. అందుకని షాపులకి కట్టేవాళ్లు ఈక ఐదారు చుట్లు చుట్టి గుబురుగా చేస్తారు, అది ఈ ఫ్లై కాదు. పలచగా ఉంటేనే పోగులు కదులుతాయి, దట్టంగా చుడితే ఒకదాన్నొకటి ఆపేస్తాయి. నువ్వు షాపులో చూసినదానికి పోగులు కాసినే ఉన్నాయంటే, ఆ షాపుకి కట్టేవాడెవడో వాడికి పని తెలుసు, అక్కడే కొను.

రాళ్ళమధ్య గారు చెప్పినట్టు కిందికి తిప్పడం ఒక పద్ధతి. స్కాట్లండ్ ఆయన స్టూవర్ట్ 1857లోనే దీనికి పూర్తిగా ఉల్టా చెప్పాడు: చేప తల ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది, వెనకనుంచి వెళితే నిన్ను చూడదు, కాబట్టి పైవైపుకి, చిన్న లైన్‌తో వెయ్యి, ఫ్లైని నీళ్లతోపాటే రానివ్వు. వేసవిలో నీళ్లు తగ్గి తేటగా ఉన్నప్పుడు నేను అలాగే వేస్తాను. కష్టమే, పడింది కనబడదు, లైన్ కొస ఆగిందా లేదా అని చూస్తూ ఉండాలి, కానీ అప్పుడు కిందికి తిప్పితే చేపలన్నీ నిన్ను చూసి పారిపోతాయి.

టంగ్‌స్టన్_బాబు

చరిత్ర బాగుంది అన్నలూ, కానీ కొత్తవాడికి ఇది చెప్పడం నాకు నచ్చలేదు. కొలరాడోలో ఆర్కాన్సా నదిలో వేస్తాను. మధ్యాహ్నం పన్నెండింటికి పురుగు లేవదు, చేప రాళ్ల మధ్య అడుగున కూర్చుంటుంది, దానికి రెండడుగుల పైన నీ పట్టుదారం ఊరేగితే ఏం లాభం? టంగ్‌స్టన్ పూస వేసి మూతి ముందుకి దింపితే తింటుంది. ఫిబ్రవరిలో, మంచు కరిగి నీళ్లు బురదగా వచ్చినప్పుడు, లోతు మడుగుల్లో, ఈ మూడు చోట్లా సాఫ్ట్ హ్యాకిల్ దండగ. పైగా కిందికి తిప్పితే తగిలిన చేపల్లో సగం ఊడిపోతాయి, ఎందుకంటే చేప నీకు ఎదురుగా ఉంటుంది, హుక్ నోట్లోంచి ముందుకే వచ్చేస్తుంది. ఎక్కువగా పడేవీ చిన్నవే. పాతది కాబట్టి గొప్పది అనడం నాకు ఎక్కదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఏప్రిల్ చివర, మే మొదట్లో మాకు మదర్స్ డే కాడిస్ అని లేస్తుంది, సలైడా చుట్టుపక్కల గాలంతా పురుగే, ముక్కులోకి, నోట్లోకి, కాఫీలోకి కూడా. ఆ వారంలో నా నింఫ్ లైన్ చివర లాగేటప్పుడు, అంటే డ్రిఫ్ట్ (నీటివాలుకి కొట్టుకురావడం) అయిపోయి ఫ్లైలు పైకి లేచేటప్పుడు, దబ్బున కొడతాయి. అది మీరు చెప్పిన లిఫ్టే అనుకుంటా.

రాళ్ళమధ్య

@టంగ్‌స్టన్_బాబు అదే అది 😄 నువ్వు రోజూ లైజెన్‌రింగ్‌నే వాడుతున్నావు, పూస తగిలించి.

చలికాలం, బురదనీళ్లు, లోతు మడుగు, ఈ మూడిట్లో నీ మాటే కరెక్టు, అక్కడ దీన్ని తీసే పని లేదు. కానీ చిన్నవే పడతాయి అన్నది ఒప్పుకోను. పెన్స్ క్రీక్‌లో గ్రానం కాడిస్ లేచే ఏప్రిల్‌లో పెద్ద బ్రౌన్ ట్రౌట్‌లు కూడా మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి తింటాయి, ఎందుకంటే తిండి అక్కడే ఉంది. ఊడిపోవడానికి మందు ఉంది: రాడ్ కొస నీళ్లకి ఆనించకుండా ఛాతీ ఎత్తున పెట్టుకో, కొస నుంచి నీళ్ల దాకా లైన్ కాస్త వదులుగా వంగి ఉండాలి. చేప తిని పక్కకి తిరిగేలోపు ఆ వదులు బిగుస్తుంది, హుక్ నోటి మూలలో దిగుతుంది. రాడ్‌ని సూటిగా ఫ్లైవైపు గురిపెట్టి లైన్ బిగబట్టేవాళ్లకే సగం ఊడేది.

కొత్తవాడికి చెప్పకూడదు అన్నావు చూడు, నేను సరిగ్గా ఉల్టా అంటాను. డ్రై ఫ్లై అయితే డ్రాగ్ లేకుండా (లైన్ లాగకుండా) తేలాలి, నింఫ్ అయితే బెండు ఎంత ఎత్తులో కట్టాలి, బరువు ఎంత, అడుగు తగిలిందా చేప తగిలిందా, ఇవన్నీ చూసుకోవాలి. దీనికి లైన్ అడ్డంగా పడితే చాలు. కొత్తవాడు వేసే వంకర క్యాస్ట్‌ని కూడా ప్రవాహం సరిచేసేస్తుంది, పైగా దెబ్బ చేతికి నేరుగా తెలుస్తుంది. మా పిల్లకి నేను మొదట కట్టిచ్చింది ఇదే.

లీహై_గట్టు

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. గ్లాసు నీళ్ల పరీక్ష ఇప్పుడే చేశాను, రంగు నిజంగానే మారిపోయింది! మా ఆవిడ ఫ్లై ఉన్న గ్లాసు చూసి వేరే గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

ఇంట్లోనే కట్టుకోవాలని ఉంది. వైస్ (హుక్‌ని బిగించి పట్టే పరికరం) ఉంది, వూలీ బగ్గర్ దాకా వచ్చు. పార్ట్రిడ్జ్ తోలు మొత్తం కొనాలా, ప్యాకెట్ ఈకలు చాలా? పట్టుదారమే కావాలా, మామూలు నైలాన్ దారం పనికిరాదా? ఇంకా, మేలో మాకు సల్ఫర్ మేఫ్లై లేస్తుంది, పసుపుగా ఉంటుంది, దానికి కూడా నారింజే వేయాలా?

యార్క్‌షైర్_వాన

సల్ఫర్‌కి అదే ఫ్లై, దారం పసుపు. పార్ట్రిడ్జ్ అండ్ యెల్లో అని దానికీ పాతపేరే ఉంది.

ఈకలకి వీలైతే తోలు మొత్తం కొను. ప్యాకెట్‌లో వచ్చేవి చాలావరకు పెద్దవి, 14 హుక్ మీద పోగులు హుక్ వంపు దాటి బారెడు వేలాడతాయి. మనకి కావలసిన చిన్న ఈకలు మెడ దగ్గరా వీపు పైభాగంలోనూ ఉంటాయి, మెడవి బూడిద రంగు, వీపువి గోధుమ. నారింజకి గోధుమవి బాగుంటాయి. పోగు పొడవు హుక్ వంపు దాకా వస్తే చాలు. ఒక తోలు ఉంటే ఏళ్లు గడిచిపోతాయి.

కట్టడం: హుక్ కన్ను వెనకనుంచి దారం ఒకదాని పక్కన ఒకటి ఆనేట్టు చుట్టుకుంటూ వెనక్కి వెళ్లు, కానీ వంపు దాకా పోవద్దు, హుక్ మొనకి ఎదురుగా రాగానే ఆపి తిరిగి రా. ఒళ్లు సన్నగా, పొట్టిగా ఉండాలి. ఈకకి అడుగున ఉన్న నూగు తీసెయ్, ఒకవైపు పోగులు కూడా పీకెయ్, అప్పుడు ఎంత చుట్టినా దట్టం కాదు. కొసవైపు పట్టి కట్టి ఒకటిన్నర చుట్టు, మహా అయితే రెండు. తల చిన్నగా ముడివేసి కోసెయ్. వూలీ బగ్గర్ కట్టేవాడి చెయ్యి ఇంకో రెండు చుట్లు వేయమని పీకుతుంది, వినకు.

దారం విషయంలో నేను మొండివాణ్ణి, పట్టే వాడతాను. ఇక్కడ తరతరాలు వాడింది పియర్సాల్స్ గాసమర్ పట్టు, ఆ తయారీ ఆగిపోయింది, పాత రీళ్లు ఉన్నవాళ్లు దాచుకుని వాడుతున్నారు. వేరే సన్నటి పట్టుదారాలు దొరుకుతున్నాయి, బానే ఉన్నాయి. నైలాన్, పాలియెస్టర్ తడిసినా రంగు అంతగా ముదరదు, అదొక్కటే తేడా. మైనం రాస్తే పట్టు ఇంకా ముదురుతుంది, నీకు లేతరంగు కావాలంటే రాయకు.

రాళ్ళమధ్య

నైలాన్‌తో కట్టినా చేపలు పడతాయి బ్రదర్, ఆయన మాటకి భయపడి ఆగకు. ఇంకో చిన్న మార్పు: ఈక వెనక కుందేలు ముఖం బొచ్చు చిటికెడు దారానికి మెలిపెట్టి చిన్న ఛాతీలా చుట్టు. పోగుల్ని ఒంటికి పూర్తిగా అతుక్కోనివ్వకుండా ఎత్తిపెడుతుంది, బొచ్చు మధ్యలో గాలి బుడగలు కూడా నిలుస్తాయి. వడి ఎక్కువ ఉన్నచోట నాకు అదే ఇష్టం.

తీర్థన్_దారి

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. హైదరాబాద్‌లో ఉంటాను, సెలవు దొరికితే హిమాచల్‌లో తీర్థన్ లోయకి పోతుంటాను. అక్కడి బ్రౌన్ ట్రౌట్ బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలినవే, లైసెన్స్ ఫిషరీస్ వాళ్ల దగ్గర తీసుకోవాలి. నేను చూసినంతలో అక్కడ ఎక్కువమంది స్పిన్నర్ (నీళ్లలో తిరిగే లోహపు ఎర) వేస్తారు, ఫ్లై వేసేవాళ్లు తక్కువ. నీళ్లు పెద్ద బండల మధ్య తెల్లగా నురగలు కక్కుతూ వస్తాయి, ఈ బక్క ఫ్లై అందులో పనిచేస్తుందా?

యార్క్‌షైర్_వాన

నురగలో వద్దు, అక్కడ టంగ్‌స్టన్_బాబు ఫ్లైలే కావాలి. బండ వెనక నీళ్లు నెమ్మదించే చోటు ఉంటుంది కదా, వడికీ ఆ నిలకడ నీళ్లకీ మధ్య గీతలాగా కనబడుతుంది, ఆ గీత మీద వెయ్యండి. పొట్టి లైన్ చాలు, రాడ్ పైకెత్తి లైన్‌ని వడి మీద పడకుండా పట్టుకోండి. సైజు 12 కట్టండి, ఇంకా చిన్నవి ఆ నీళ్లలో చేపకి అందేలోపే కొట్టుకుపోతాయి. ఎండ కొండ దాటాక వేస్తే మరీ మంచిది.

టంగ్‌స్టన్_బాబు

ఒక ఉపాయం చెప్పి పోతాను, ఇద్దరికీ పనికొస్తుంది. బరువు నింఫ్ కింద కట్టండి, దానికి అడుగున్నర పైన పక్క ముడిలో ఈ ఆరెంజ్ కట్టండి. బరువు దాన్ని కిందికి తీసుకెళుతుంది, డ్రిఫ్ట్ చివర రెండూ కలిసి లేస్తాయి. ఏది తిన్నదో చేపే చెబుతుంది. @తీర్థన్_దారి, లైసెన్స్ తీసుకునేటప్పుడు రెండు ఫ్లైలు కట్టొచ్చో లేదో అక్కడే అడగండి. @లీహై_గట్టు, మీ పెన్సిల్వేనియాలో లైసెన్స్ మీద ట్రౌట్ పర్మిట్ వేరే కొనాలి, అది మర్చిపోకు.